అంధేరీలో దిగిపోయిన మావగారు

పెళ్లిళ్లలో చెప్పులు పోగొట్టుకున్నవాళ్లని మీరు చూసుంటారు. ఉంగరం పోగొట్టుకున్నవాళ్లనీ చూసుంటారు. పెళ్లి ఖాయం కాకముందే మావగారిని పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం చూసుండరు. చూడండి, నేనే. ఏ తీర్థంలోనో జనంలో తప్పిపోయేరంటే సర్దుకోవచ్చు. నేనలా కాదు. పట్టపగలు, ముంబై లోకల్ రైల్లో, నాకు పది మూరల దూరంలో ఉన్న పెద్దమనిషిని, ఆయన గొంతు చెవులారా వింటూ, ముసిముసిగా నవ్వుకుంటూ మరీ పోగొట్టుకున్నాను.

మాది కొత్తపేట పక్కన పల్లెటూరండి. కొబ్బరి పీచుతో డోర్‌మ్యాట్లూ తాళ్లూ చేసే చిన్న కంపెనీ తరఫున ఊళ్లు తిరిగి ఆర్డర్లు పట్టడం నా పని. అప్పటికి హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు మూడూ తిరిగేను. ఆ మూడింటితో ప్రపంచజ్ఞానం వచ్చేసిందని నా గట్టి నమ్మకం. మా ఊళ్లో ఎవరు ఏ సిటీకి బయల్దేరినా, వాళ్లు అడక్కముందే నేను వాళ్లింటికెళ్లి, కాఫీ తాగి, ఏ బస్సెక్కాలో చెప్పొచ్చేవాణ్ణి. నేను చెప్పిన బస్సెక్కి ఎంతమంది ఎక్కడ తేలేరో నేనెప్పుడూ కనుక్కోలేదు. వాళ్లూ మర్యాదస్తులు గనక చెప్పలేదు.

ఆ రోజుల్లోనే రాజోలు దగ్గర సూర్యారావు గారి అమ్మాయి సౌజన్య సంబంధం వచ్చింది. వాళ్లకి కొబ్బరితోట, వరిచేలు. అమ్మాయికి ముంబైలో ఉద్యోగం. ఫోన్లో వీడియో పెట్టుకుని మాట్లాడుకున్నాం. చూడగానే నచ్చేసింది. ఎంత నచ్చిందంటే, ఆవిడ అడిగిన ప్రశ్న సగంలో ఉండగానే నేను జవాబు చెప్పేస్తున్నాను.

"మీ కంపెనీ ముంబైలో ఆఫీసు పెడుతోందని మా నాన్న చెప్పేరు."

"పెడుతోందండి. నన్నే పంపిస్తామంటున్నారు."

"మరి ముంబైలో తిరగడం మీకు…"

"ముంబైయా? మనిల్లేనండి!"

ఇక్కడ మీకో రహస్యం చెప్పాలి. ముంబైని నేను అప్పటిదాకా ఫోన్లో వీడియోల్లో తప్ప చూళ్లేదు. కానీ మాట బయటికొచ్చేసింది. సౌజన్య ఆ మాటే పట్టుకుంది.

"అయితే ఓ పని చెయ్యండి. నేనిక్కడికొచ్చి మూడేళ్లయినా నాన్న ఒక్కసారీ రాలేదు. రద్దీ అంటే భయం ఆయనకి. మీరు వెంటబెట్టుకుని తీసుకురండి. నేను స్టేషనుకి రాను. దాదర్లో దిగి, లోకలెక్కి, బోరివలిలో మా ఇంటికి మీరే తీసుకొచ్చేయాలి. నాన్న నవ్వుతూ నా గుమ్మం ఎక్కితే మిగతా మాటలు మాట్లాడుకుందాం."

"ఓస్, ఇంతేనా!" అన్నాను. నా జీవితంలో నేనన్న మాటల్లోకెల్లా తెలివితక్కువ మాట అదే.

రాజమండ్రిలో రైలెక్కేం. సూర్యారావు గారు తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, భుజం మీద కండువా. మనిషి వెన్నపూస. ఎవరితోనూ పరుషంగా మాట్లాడి ఎరగరు. అల్లుడవ్వబోయేవాణ్ణని నన్ను 'అబ్బాయిగారూ' అనేవారు. ఆయనతో బాటు ఓ గోనెసంచీ కూడా ఎక్కింది. అందులో పదహారు కొబ్బరికాయలు.

"ఇవెందుకండీ మావయ్యగారూ?"

"మన పిల్ల పచ్చడికి కొబ్బరికాయ కొనుక్కుంటోందటండి. కొనుక్కుంటోందట! బయట తెలిస్తే తలెత్తుకోగలమాండీ?"

నిజమే కదా అనిపించింది. సంచీ నేను మోస్తానని మాటిచ్చేను. ఆయన ఫోన్ కూడా జేబుదొంగల భయంతో తీసుకుని నా బ్యాగులో భద్రంగా పెట్టేను. అలా ఒక్కొక్క జాగ్రత్తా తీసుకుంటూ, రాబోయే ఉపద్రవానికి ఏ లోటూ లేకుండా ఏర్పాట్లు చేసేను.

రైలు కదిలింది. పాఠం మొదలెట్టేను. 

"చూడండి మావయ్యగారూ, ఊరు ఎంత పెద్దదైనా అక్కడి ప్రయాణమంతా ఒక్క మాట మీద నడుస్తుందండి. ఆ మాట పట్టుకున్నామా, ఊరు మనదే."

"ఆయ్," అన్నారాయన.

మా వైపు వాళ్లు కానివాళ్ల కోసం చిన్న వివరణ. మా గోదావరి జిల్లాల్లో ఆయ్ అంటే అవునండి. ఆయ్ అంటే సరేనండి. ఆయ్ అంటే వింటున్నానండి. ఆయ్ అంటే మీరు చెప్పేది ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, మిమ్మల్ని నొప్పించడం ఎందుకులెండి అని కూడా. సూర్యారావు గారు ఎదటివాళ్లు తుమ్మినా ఆయ్ అనే రకం.

"హైదరాబాదుందండి. మెట్రో ఎక్కేరనుకోండి, చల్లగా ఉంటుంది, పక్కవాడు మాట్లాడడు. చెవుల్లో బిరడాలు పెట్టుకుని వాడి లోకంలో వాడుంటాడు. కిందకి దిగి షేరాటో ఎక్కేమా, ఒళ్లో ఎవడి పిల్లాడో ఉంటాడు. అయినా అన్నిటికీ ఒకటే మాట. అన్నా! అన్నా ఆపన్నా, అన్నా జరగన్నా, అన్నా తొక్కకన్నా."

"ఆయ్! అన్నా. బావుందండి."

"చెన్నై వేరండి. టౌన్ బస్సులో కండక్టరు తన సీట్లోంచి లేవడు. మీరిచ్చిన డబ్బులు చేతులు మారుతూ ఆయన దగ్గరకెళ్తాయి. టిక్కెట్టూ, చిల్లరా మళ్లీ ఇరవై చేతులు దాటుకుంటూ మీ చేతికొస్తాయి. ఒక్క రూపాయి తగ్గదు."

"ఎంత నిజాయితీ అండీ!"

"అక్కడి మాట, ఉళ్ళ పో. లోపలికి పో అని. తలుపు దగ్గర నిలబడకూడదు, ఎక్కగానే లోపల్లోపలికి పోవాలి. ఇక బెంగుళూరులో ప్రయాణమంటే కదలడం కాదండి, కూర్చోవడం. ఆటో ఎక్కి కూర్చుంటాం, ముందు కారు కదలదు, వెనక బస్సు కదలదు. డ్రైవరు తన పెళ్లి కథ మొదలెట్టి ఇద్దరు పిల్లల దాకా వస్తాడు. మనం ఇంకా ఆ సిగ్నల్ దగ్గరే. అక్కడి మాట, స్వల్ప అడ్జస్ట్ మాడి. కొంచెం సర్దుకోండీ అని. ఊరంతా సర్దుకునే బతుకుతోంది."

సూర్యారావు గారు కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. తర్వాత అసలు ప్రశ్న వేసేరు.

"మరి ముంబైకేం మాటండీ అబ్బాయిగారూ?"

మంచినీళ్లు తాగేను. తెలీదండి అంటే పోయేది. ఆ రెండు ముక్కలు అని ఉంటే ఈ కథే లేదు. కానీ వెధవ నోరు ఊరుకుంటుందా?

"ముంబైకి కొత్త మాటెందుకండీ, మన ఆయ్ చాలు! హిందీలో అవునంటే హా. మనది ఆయ్. ఓ అక్షరం అటూ ఇటూ. ఎవరేమడిగినా ఆయ్ అనండి. నవ్వుతూ అనండి. వాళ్లే చూసుకుంటారు."

"ఇంకో మాటేదైనా అవసరం పడదాండీ?"

"అక్కర్లేదండి. ఆయ్ ఒక్కటీ పట్టుకోండి."

"ఆయ్," అన్నారాయన, పరమ సంతోషంగా.

మర్నాడు పొద్దున్న దాదర్లో దిగేం. అబ్బో, ఆ జనం! మా వైపు ఏ తీర్థంలోనూ అంతమందిని ఒక్కచోట చూళ్లేదు. వంతెనెక్కి, దిగి, అడిగి, తోయించుకుని, బోరివలి వెళ్లే ఫాస్ట్ లోకల్ ఆగే ప్లాట్‌ఫారం మీదకి చేరేం. రైలొచ్చింది.

"ఎక్కండి మావయ్యగారూ."

"అయ్యో, ముందు మీరెక్కండి."

"పెద్దవారు, మీరెక్కండి."

"బరువుతో ఉన్నారు, మీరెక్కండీ."

రైలు వెళ్లిపోయింది.

"అదేటండీ, మనం మాట్లాడుకుంటుంటే వెళ్లిపోయిందీ?" అన్నారాయన నొచ్చుకుంటూ. "మన రేవులో గోదారి దాటించే పంటు కూడా, మనిషి గట్టు మీద కనబడితే చాలు, ఆగుద్ది కదండీ."

"ఇక్కడ అర నిమిషం కూడా ఆగదండి."

"అంతలో పంచె సర్దుకోడం కూడా అవదు కదండీ!"

రెండో రైలుకి మర్యాదల సమస్య రాలేదు. అసలు మేం ఎక్కనేలేదు. వెనకాల జనమే మమ్మల్ని ఎత్తి లోపల పెట్టేసేరు. ఇక్కడే నా అనుభవం పనిచేసిందండి. చెన్నై పాఠం గుర్తొచ్చి 'ఉళ్ళ పో' అని నాకు నేనే చెప్పుకుని, కొబ్బరికాయల సంచీ గుండెకి హత్తుకుని లోపల్లోపలికి పోయేను. పెట్టె మధ్యకెళ్లి ఇరుక్కున్నాను. వెనక్కి చూస్తే సూర్యారావు గారు తలుపు పక్కన, జనం మధ్య ఒద్దికగా నిలబడి ఉన్నారు. కండువా కొస కనబడుతోంది.

రైలు బాంద్రా దాటింది. తలుపు వైపునించి వినబడింది.

"ఆయ్."

ఆహా అనుకున్నాను. ఎవరో ఏదో అడిగేరు, ఈయన చక్కగా జవాబు చెప్పేరు.

"ఆయ్… ఆయ్."

సంభాషణ జోరందుకుంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పక్కనున్నాయన కేసి చూసి 'మా మావగారేనండి' అన్నట్టు నవ్వేను. ఆయన నవ్వలేదు. జాలిగా చూసేడు.

"ఆయ్! ఆయ్! ఆయ్!"

చూడండి, మూడు ప్రశ్నలకి మూడు జవాబులు! పాఠం చెప్పిన మాస్టారికి శిష్యుడు ఫస్టున పాసైతే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. ఇంటికెళ్లేక సౌజన్యతో ఏమనాలో కూడా అనుకున్నాను. 'మీ నాన్నగారు ముంబైలో పుట్టి పెరిగినట్టే మాట్లాడేరండి.'

అంధేరీలో రైలాగింది. సగం పెట్టె కిందకి పారింది, అంతకి రెట్టింపు పైకి పారింది. దూరంగా, చాలా దూరంగా, ఓ ఆయ్ వినబడింది. రైలు కదిలింది. తర్వాతింక వినబడలేదు.

మెడ సాచి చూసేను. కండువా లేదు.

"మావయ్యగారూ!" అని కేకేసేను. నలుగురు తిరిగి చూసేరు. వాళ్లలో ఎవరూ మా మావయ్యగారు కారు. నాకొచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని, జాలిగా చూసిన పక్కాయన్నే అడిగేను.

"ఓ పెద్దాయన, తెల్ల పంచె, తలుపు దగ్గర…"

"ఆయనా? పాపం, ఒంట్లో అసలు బాగాలేదు. మీకు తెలిసినాయనా? అమ్మా, అమ్మా అని ఒకటే మూలుగు. చూడలేక తలుపు దగ్గరున్నవాళ్లు అంధేరీలో దించి ఎత్తుకెళ్లేరు."

"అమ్మా అనలేదండీ బాబూ! ఆయ్ అన్నారు!"

"అదే నేనూ చెబుతోంది. మా మరాఠీలో ఆయీ అంటే అమ్మే. నొప్పొస్తే మేమూ అలాగే అంటాం."

నాకు కాళ్లకింద రైలు ఉందో లేదో తెలీలేదు. ఏ పుణ్యాత్ముడు ఏమడిగినా, ఎంత ఆదరంగా అడిగినా, ఆయన అంత ఆదరంగానూ 'అమ్మా' అని మూలిగేరన్నమాట. నవ్వుతూ మూలిగేరు. నేనే నవ్వమన్నాను మరి.

రైలాపాలి. ఎలా? మా అమలాపురం బస్సులో ఆపాలంటే ఏం చేస్తామో అదే చేసేను. పెట్టె గోడ మీద దబదబా బాది, "హోల్డాన్! హోల్డాన్!" అని అరిచేను.

పక్కాయన ఎంత మంచివాడంటే, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, పైన వేలాడే పిడికి అంటించి, "గట్టిగా పట్టుకోండి," అన్నాడు. ఇంగ్లీషు వచ్చినవాడు కదా, పాపం.

ఆ బండి బోరివలి దాకా ఇంక ఆగదన్నారు. పిడి పట్టుకుని, పదహారు కొబ్బరికాయలు మోస్తూ, ఎవరి కోసమైతే వచ్చేనో ఆయన్నించి నిమిషానికింత దూరం జరిగిపోతూ బోరివలి చేరేను. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. పెళ్లి సంగతి అటుంచండి. భాష రాని ఊళ్లో, చేతిలో ఫోను లేకుండా, నేన్నేర్పిన ఒక్క మాట పట్టుకుని ఆ పెద్దాయన ఏమైపోతున్నారోనని.

ప్లాట్‌ఫారం మీద పడగానే ఫోన్ మోగింది. సౌజన్య.

"ఎక్కడున్నారు?"

"బోరివలి వచ్చేసేమండి!"

"నాన్న?"

"ఉన్నారండి. కొంచెం వెనకాల వస్తున్నారు."

"ఎంత వెనకాల?"

"అంటే… ప్లాట్‌ఫారం మీదే ఉన్నారండి."

"ఏ ఊరి ప్లాట్‌ఫారం?"

సంచీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాను.

"అంధేరీ స్టేషన్లో వైద్యం గది ఉంది. నాన్నకి నా నంబరు నోటికొచ్చు గనక, కాగితం మీద రాసిచ్చేరు గనక సరిపోయింది. నర్సు ఫోన్ చేసింది. నేను బయల్దేరేను. మీరూ రండి, మీ ఇంటికేగా," అని పెట్టేసింది.

వెనక్కెళ్లే రైలెక్కేను. ఈసారి ఎవరేమడిగినా ఆయ్ అనకూడదని, సంచీ కాళ్ల మధ్య పెట్టి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. జనం నా మొహం చూసేరు, చేతులు చూసేరు, వాంతి చేసుకుంటాననుకుని గబగబా నాలుగడుగులు వెనక్కి జరిగేరు. ముంబై లోకల్లో చుట్టూ అంత ఖాళీ దొరికిన మొదటి కోనసీమవాణ్ణి నేనే అయ్యుంటాను. అనుభవించే స్థితిలో లేను గానీ.

అంధేరీలో ఆ గది వెతుక్కుని వెళ్లేసరికి సౌజన్య ముందే ఉంది. సూర్యారావు గారు మంచం మీద మహారాజులా పడుకుని ఉన్నారు. చేతికి బీపీ పట్టీ. పక్కన ముప్ఫయ్యేళ్లాయన, మెడలో ఆఫీసు ట్యాగు, కాళ్ల దగ్గర టిఫిన్ డబ్బా, చేతిలో మడతపెట్టిన పేపరు. దాంతో మా మావగారికి విసురుతున్నాడు.

"అసలేమైంది నాన్నా?" అంటోంది సౌజన్య.

"ఏముందమ్మా. ఈ బాబు ఏదో అడిగేడు, ఆయ్ అన్నాను. ఇంకా ఆపేక్షగా అడిగేడు, ఇంకా ఒద్దికగా ఆయ్ అన్నాను. అంతే, నలుగురూ కలిసి ఎత్తేసుకున్నారు. ఇక్కడ ఈ నర్సమ్మగారు కడుపు నొక్కి ఏదో అడిగింది, ఆయ్ అన్నాను. నడుం నొక్కింది, ఆయ్. మోకాలు నొక్కింది, ఆయ్. అప్పుడేవో తీగలు పెట్టి గుండె కూడా చూసేరు."

"నాకేం లేదు, వద్దు అని చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్తానమ్మా? అబ్బాయిగారు ఒక్క మాటే కదా నేర్పేరు!"

సౌజన్య అప్పుడు నా కేసి తిరిగింది. 

"నాన్నకి ఈ మాట నేర్పింది మీరేనా?"

తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకుందామనే నోరు తెరిచేను.

"ఆయ్," అన్నాను.

నర్సమ్మగారు గిరుక్కున తిరిగి, మా మావగారి చేతికున్న పట్టీ ఊడదీసి నా చేతికి చుట్టడం మొదలెట్టింది.

"ఇంతకీ ముంబై ఎన్నిసార్లు వచ్చేరు?" సౌజన్య అడిగింది. పట్టీలో గాలి పెరుగుతోంది, నా చెయ్యి బిగిసిపోతోంది. ఆ స్థితిలో ఎవరూ అబద్ధం ఆడలేరండి.

"ఇదే మొదటిసారండి."

సూర్యారావు గారు మంచం మీద లేచి కూర్చున్నారు. "మొదటిసారాండీ!" అన్నారు. అంతకంటే ఒక్క మాటా తూలలేదు. నన్ను కింద నించి పైదాకా ఓసారి చూసేరు. చంకలో సంచీ చూసేరు. తర్వాత నెమ్మదిగా, పేపరుతో విసురుతున్నాయన కేసి తిరిగి, ఆయన చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నారు.

"చూడమ్మా. ఎవరో ఏమిటో తెలీకుండా నన్ను మోసుకొచ్చేడు. ఆఫీసు మానుకుని కూర్చున్నాడు. మనిషి బంగారం. కాస్త హిందీలో అడుగమ్మా…"

"ఏమని నాన్నా?"

"పెళ్లయిందా అని."

నాకు పట్టీ బిగిసింది చేతికో పీకకో తెలీలేదు. సౌజన్య నా మొహం కేసి చూసింది. నవ్వాపుకోడానికి పెదవి కరుచుకుంది గానీ, అడగడం మాత్రం మానలేదు! తీరిగ్గా, స్పష్టంగా, నాక్కూడా అర్థమయ్యే హిందీలో అడిగింది. ఆ పుణ్యాత్ముడు సిగ్గుపడుతూ జేబులోంచి ఫోను తీసి ఫొటో చూపించేడు. చక్కటి భార్య, ఇద్దరు పిల్లలు.

సూర్యారావు గారు ఆ ఫొటో చాలాసేపు చూసేరు. "చల్లగా ఉండండి బాబూ," అని ఫోను తిరిగిచ్చేసి, ఇంత పొడుగు నిట్టూర్పు విడిచేరు.

"సరేనమ్మా. అయితే ఈ అబ్బాయిగారే ఉన్నారు మరి."

ఆ మాటకి సౌజన్య ఆపుకున్న నవ్వు బయటపడింది, ఆయనా నవ్వుతూనే కూతురి గుమ్మం ఎక్కేరు. అలా కుదిరిందండి మా పెళ్లి. నలుగురికీ చెప్పుకునేటప్పుడు జాతకాలు కలిసేయంటాను గానీ, ఆ మరాఠీ మహానుభావుడికి ముందే పెళ్లయిపోవడం తప్ప వేరే కారణమేమీ లేదు. 

పెళ్లిపీటల మీద పంతులుగారు అందరి చేతా అనిపించినట్టే నా చేతా 'నాతిచరామి' అనిపించేరు. ఆయన ఊపిరి తీసుకునేలోగా, తలవంచుకుని ఉన్న సౌజన్య ఎవరికీ వినబడకుండా ఇంకోటి అనిపించింది. "వెళ్లని ఊరికి వెళ్లేనని అనను, తెలీని దారి తెలుసునని చెప్పను. అనండి." అగ్నిసాక్షిగా, అక్షరం పొల్లు పోకుండా అన్నాను. పంతులుగారిదీ, సౌజన్యదీ, ఆ రెండు ప్రమాణాలూ ఇప్పటిదాకా తప్పలేదు. మొదటిది నిలబెట్టుకోడం నాకు తేలికేనండి, రెండోదానికే రోజూ నాలిక కరుచుకోవాల్సొస్తోంది.